మనకు ఒకప్పుడున్న రెండో ఓటు

మున్సిపల్ చైర్‌పర్సన్లను, నగర మేయర్లను ఎన్నుకునే పద్ధతి మారాలా, మారితే ఎలా మారాలి అన్న విషయంపై పాఠకుల నుంచి కొంతకాలంగా ఉత్తరాలు వస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 మార్చిలో కొలువుదీరిన పురపాలక పాలకవర్గాల ఐదేళ్ల గడువు 2026 మార్చి వరకే కాబట్టి, ఈ ప్రశ్నను అందరూ ఆలోచించవలసిన సమయం ఇదే. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా ఈ ఒక్క అంశానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, 2000 సంవత్సరంలో జరిగిన మున్సిపల్ ఎన్నికల్లో నేను రెండు ఓట్లు వేసినట్టు నాకు బాగా గుర్తు. ఒకటి మా వార్డు కౌన్సిలర్‌కు, రెండోది చైర్‌పర్సన్‌కు. ఆ తరవాత ఎప్పుడు వెళ్లినా ఒక్క ఓటే వేయించారు. మా పిల్లలకు ఈ సంగతి చెబితే నమ్మడం లేదు. ఆ రెండో ఓటును ఎవరు తీసేశారు, ఎందుకు తీసేశారు?
— విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి

జవాబు: మీ జ్ఞాపకం సరైనదేనమ్మా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మున్సిపల్ అధ్యక్షులను ప్రజలే నేరుగా ఎన్నుకునే పద్ధతి 1987 ఎన్నికలతో మొదలైంది. తాలూకాల స్థానంలో మండలాలను తెచ్చిన ఎన్టీ రామారావు ప్రభుత్వమే మండల ప్రజాపరిషత్తు అధ్యక్షులకూ, జిల్లా ప్రజాపరిషత్తు చైర్మన్లకూ, పట్టణాల అధ్యక్షులకూ కూడా ప్రత్యక్ష ఎన్నిక జరిపించింది. విశాఖపట్నంలో డి.వి. సుబ్బారావు అలా ప్రజల ఓటుతోనే మేయరయ్యారు. 1995లోనూ, మీరు చెప్పిన 2000లోనూ పట్టణాల్లో అదే పద్ధతి నడిచింది. విజయవాడ మేయర్ పీఠం 2000లో పంచుమర్తి అనురాధకు దక్కినప్పుడు ఆమె వయసు ఇంకా ముప్పై దాటలేదు. 2002లో హైదరాబాద్ నగర ప్రజలు కూడా తీగల కృష్ణారెడ్డిని నేరుగానే మేయర్‌గా ఎన్నుకున్నారు.

2005 ఎన్నికల నాటికి అధికారంలో ఉన్న కాంగ్రెస్ ప్రభుత్వం చట్టాన్ని మార్చి, అధ్యక్షుణ్ణి ఎన్నుకునే బాధ్యతను కౌన్సిలర్ల చేతిలో పెట్టింది. అప్పుడు చెప్పిన కారణంలో నిజం లేకపోలేదు. ఊరి జనం ఒక పార్టీ అభ్యర్థిని చైర్‌పర్సన్‌గా గెలిపించి, వార్డుల్లో మాత్రం మరో పార్టీ వాళ్లకు మెజారిటీ ఇచ్చినచోట బడ్జెట్ ముందుకు కదలదు, ఎజెండాలో అంశాలు వాయిదా మీద వాయిదా పడతాయి, ఆ తగాదాలో కుళాయి నీళ్ల పథకాలు ఆగిపోతాయి. అయితే పైకి చెప్పని కారణం ఇంకొకటి ఉందని నా నమ్మకం. ఊరంతా ఎన్నుకున్న అధ్యక్షుడు స్థానిక ఎమ్మెల్యేకు సాటివచ్చే నాయకుడవుతాడు. అదే కౌన్సిలర్లు ఎన్నుకునే పద్ధతిలో అయితే, రాజధాని నుంచి సీల్డ్ కవర్‌లో వచ్చిన పేరును పరిశీలకుడు విప్పి చదివితే సరిపోతుంది. ఆ తరవాత ప్రభుత్వాలు మారాయి, పార్టీలు మారాయి, రాష్ట్రమే రెండయింది. 2014లో, తెలంగాణలో 2020లో, ఆంధ్రప్రదేశ్‌లో 2021లో జరిగిన పురపాలక ఎన్నికలన్నీ పరోక్ష పద్ధతిలోనే సాగాయి. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు క్యాంపు రాజకీయాలను తిట్టిన ఏ పార్టీ కూడా అధికారంలోకి వచ్చాక మీ రెండో ఓటును మీకు తిరిగి ఇవ్వలేదు.

ప్రశ్న: ప్రత్యక్ష ఎన్నిక పెట్టాలంటే రాజ్యాంగాన్ని సవరించాలని మా మిత్రుడు వాదిస్తున్నాడు. అది నిజమేనా? ఎంపీపీని, జడ్పీ చైర్మన్‌ను కూడా ప్రజలు నేరుగా ఎన్నుకోవచ్చా?
— న్యాయశాస్త్ర విద్యార్థి, ఖమ్మం

జవాబు: మీ మిత్రుడి మాట పట్టణాల విషయంలో తప్పు, మండలాల విషయంలో ఒప్పు. 1993 జూన్‌లో అమల్లోకి వచ్చిన 74వ సవరణ పురపాలక సంఘాల అధ్యక్షుణ్ణి ఎలా ఎన్నుకోవాలన్నది రాష్ట్ర శాసనసభకే వదిలేసింది. 243ఆర్ అధికరణం చూడండి. కాబట్టి శాసనసభ సాధారణ మెజారిటీతో చట్టాన్ని సవరిస్తే చాలు, మేయర్‌ను ప్రజలే ఎన్నుకోవచ్చు. పంచాయతీలకు వర్తించే 243సి అధికరణం మాత్రం వేరుగా ఉంది. గ్రామ సర్పంచ్ ఎన్నిక ఎలా జరగాలో రాష్ట్రం నిర్ణయించుకోవచ్చు గానీ, మండల, జిల్లా స్థాయుల్లో అధ్యక్షుణ్ణి ఎన్నికైన సభ్యులే తమలోంచి ఎన్నుకోవాలని అది స్పష్టంగా చెప్పింది. 1987లో మన జనం నేరుగా ఎన్నుకున్న మండలాధ్యక్షులు, జడ్పీ చైర్మన్లు ఇక లేకుండా పోయింది 73వ సవరణ ఫలితంగానే. గ్రామాలకు అధికారం ఇవ్వడానికి తెచ్చిన సవరణ, మన రాష్ట్ర ప్రజలకు అప్పటికే ఉన్న ఒక ఓటును తీసేసిందన్న సంగతి చాలామందికి తెలియదు. మీరు న్యాయశాస్త్రం చదువుతున్నారు కాబట్టి దీనిమీద ఒక వ్యాసం రాయమని కోరుతున్నాను.

ప్రశ్న: మా నగరంలో 2021లో ఒక పార్టీకి మెజారిటీ ఇచ్చాం. 2025లో మేయర్ మారిపోయారు, పార్టీ కూడా మారిపోయింది. మధ్యలో ఎన్నికలేవీ జరగలేదు. అలాంటప్పుడు నా ఓటుకు విలువ ఏముంది? ప్రజలే మేయర్‌ను ఎన్నుకుంటే ఇలాంటివి ఆగుతాయా?
— స్టీల్‌ప్లాంట్ ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: మీ బాధ అర్థమవుతోంది. ముందుగా ఏం జరిగిందో లెక్కలతో చెప్పుకుందాం. 98 డివిజన్లున్న మీ మహా నగరపాలక సంస్థలో 2021 మార్చిలో వైఎస్సార్‌సీపీ 58 స్థానాలు, తెలుగుదేశం 30 స్థానాలు గెలిచాయి. గొలగాని హరి వెంకటకుమారి మేయరయ్యారు. మన చట్టం ప్రకారం నాలుగేళ్లు నిండే వరకు అవిశ్వాసం పెట్టకూడదు. నాలుగేళ్లు నిండగానే నోటీసు ఇచ్చారు. ఎక్స్‌అఫీషియో సభ్యులతో, అంటే తమ పదవి వల్లనే సభ్యులయ్యే ఎంపీ, ఎమ్మెల్యేల వంటివారితో కలిపి ఓటున్నవారు 111 మంది కాగా, అందులో మూడింట రెండు వంతులంటే 74. 2025 ఏప్రిల్ 19న తీర్మానానికి అనుకూలంగా పడిన ఓట్లు కూడా సరిగ్గా 74. ఆ నెలాఖరులో తెలుగుదేశానికి చెందిన పీలా శ్రీనివాసరావు మేయరయ్యారు. ఆ నాలుగేళ్లలో జరిగింది సార్వత్రిక ఎన్నిక ఒక్కటే; అందులో రాష్ట్ర ప్రభుత్వం మారింది. దాంతో కార్పొరేటర్లు కూడా పార్టీలు మారారు. 2023 చివర తెలంగాణలో ప్రభుత్వం మారాక 2024 మొదట్లో అక్కడి మున్సిపాలిటీల్లోనూ అవిశ్వాసాల వరస మొదలైంది. దీన్ని ఒక పార్టీ తప్పుగా చూడకూడదు. తక్కువమంది చేతిలో పెద్ద కుర్చీ పెడితే, పైనున్న ప్రభుత్వం ఎటు మొగ్గితే ఆ కొద్దిమందీ అటే మొగ్గుతారు.

ఇక్కడ ఎక్స్‌అఫీషియో ఓటు గురించి కూడా చెప్పాలి. ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు పురపాలక సంఘంలో సభ్యులై అధ్యక్షుడి ఎన్నికలో చేతులెత్తవచ్చు. 2021లో తాడిపత్రిలో 36 వార్డులకు గాను తెలుగుదేశం 18, వైఎస్సార్‌సీపీ 16 గెలిచాయి. ఎంపీ, ఎమ్మెల్యే ఓట్లు కలిస్తే లెక్క 18కి 18 అయింది. చివరికి ఒక సీపీఐ సభ్యుడు, ఒక స్వతంత్రుడు ఎటు నిలబడ్డారన్నదే ఆ ఊరి చైర్మన్ ఎవరో తేల్చింది. ఊరంతా వేసిన వేల ఓట్ల ఫలితం ఇద్దరి చేతుల మీదికి వచ్చినప్పుడు ఆ ఇద్దరి చుట్టూ ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. ఎన్నో ఏళ్ల కిందట ఒక చిన్న పట్టణంలో చైర్‌పర్సన్ ఎన్నిక రోజున నేను మున్సిపల్ కార్యాలయం గేటు దగ్గర నిలబడి చూశాను. పది రోజులుగా ఊళ్లో కనపడని కౌన్సిలర్లు ఏసీ బస్సు దిగి, రెండు వరసల పోలీసుల మధ్య నుంచి తలెత్తకుండా లోపలికి నడిచి వెళ్లారు. వాళ్లకు ఓటు వేసిన మనుషులు అవతలి గట్టున నిలబడి తమ వార్డు మెంబరును పేరు పెట్టి పిలుస్తున్నా ఒక్కరూ పలకలేదు. ఆ దృశ్యాన్ని నేను ఇప్పటికీ మరిచిపోలేకపోతున్నాను.

విప్, అంటే ఫలానావారికే ఓటు వేయాలన్న పార్టీ ఆదేశం ఉంది కదా అని మీరు అడగవచ్చు. గుర్తింపు పొందిన పార్టీ తరఫున గెలిచిన సభ్యుడు విప్‌ను ధిక్కరిస్తే అతని సభ్యత్వం పోతుంది, కానీ అప్పటికే ఎత్తిన చెయ్యి, వేసిన ఓటు చెల్లుతాయి. కుర్చీ ఆ రోజే దక్కుతుంది. అనర్హత వేటు నోటీసులు, వివరణలు, కోర్టులు దాటుకుని వచ్చేసరికి నెలలు గడుస్తాయి.

ప్రత్యక్ష ఎన్నిక ఉంటే ఇవన్నీ ఆగుతాయా అంటే, అధ్యక్ష పదవి కోసం జరిగే క్యాంపు ఆగుతుంది. లక్షల మంది ఓటర్లను బస్సులో ఎక్కించుకుని ఏ రిసార్టుకూ తీసుకెళ్లలేరు. ఉపాధ్యక్ష పదవికీ, స్టాండింగ్ కమిటీకీ మాత్రం పోటీ అలాగే ఉంటుంది. సర్పంచ్‌ను నేరుగా ఎన్నుకునే గ్రామాల్లో కూడా ఉపసర్పంచ్ పదవి కోసం వార్డు మెంబర్లను దాచిపెట్టడం మనం చూస్తూనే ఉన్నాం. తెలంగాణలో 2018 చట్టం తరవాత సర్పంచ్‌కూ ఉపసర్పంచ్‌కూ ఉమ్మడి చెక్ పవర్ ఇవ్వడంతో ఆ రెండో కుర్చీకి విలువ ఇంకా పెరిగింది. చెక్కు మీద సంతకం చేసే హక్కు ఎవరికి ఉంటే పోటీ అక్కడికి చేరుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి కుటుంబం ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఉంటోంది. అక్కడి ప్రజలు తాము ఎన్నుకునే మేయర్ పదవే వద్దని ఓటు వేసి రద్దు చేసుకున్నారని వాడు చెబితే ఆశ్చర్యపోయాను. మనం ఇక్కడ కావాలని అడుగుతుంటే, ఉన్నదాన్ని వాళ్లెందుకు వదులుకున్నారు?
— విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, గుంటూరు

జవాబు: చాలా మంచి ప్రశ్న వేశారు. ప్రత్యక్ష ఎన్నికను సమర్థించేవాణ్ణి కాబట్టి నేను ముందుగా జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న కూడా ఇదే.

బ్రిటన్ పార్లమెంటు 2000లో చేసిన స్థానిక ప్రభుత్వ చట్టం వచ్చేదాకా ఇంగ్లండ్‌లోని కౌన్సిళ్లు కమిటీల ద్వారా నడిచేవి. విద్యకో కమిటీ, ఇళ్లకో కమిటీ ఉండేవి. అన్ని పార్టీల సభ్యులూ వాటిలో కూర్చుని నిర్ణయాలు తీసుకునేవారు. నిర్ణయాలు ఆలస్యమవుతున్నాయని, బాధ్యుడెవరో జనానికి తెలియడం లేదని చెప్పి ఆ చట్టం పద్ధతిని మార్చింది. కౌన్సిలర్లు ఎన్నుకున్న నాయకుడు ఒక చిన్న క్యాబినెట్‌తో పాలించడం ఒక దారి, ప్రజలే ఎన్నుకున్న మేయర్ తన క్యాబినెట్‌తో పాలించడం మరో దారి. మన దృష్టికి విశేషంగా కనిపించేది ఏమిటంటే, ఓటర్లలో 5 శాతం మంది సంతకాలు చేసి అర్జీ పెడితే ఏ పద్ధతి కావాలో ప్రజాభిప్రాయ సేకరణ జరపక తప్పదు. 2011 చట్టం పాత కమిటీ పద్ధతికి తిరిగి వెళ్లే అవకాశాన్ని కూడా ఇచ్చింది.

2012 మే 3న ఆ దేశంలోని పది పెద్ద నగరాలను మేయర్ కావాలా అని అడిగితే తొమ్మిది నగరాలు వద్దన్నాయి. బర్మింగ్‌హామ్, మాంచెస్టర్, లీడ్స్ వంటివి కూడా అందులో ఉన్నాయి. ఒక్క బ్రిస్టల్ మాత్రం 41,032 ఓట్లు అవునని, 35,880 ఓట్లు కాదని చెప్పి మేయర్‌ను తెచ్చుకుంది. అప్పుడు ఓటు వేసింది నూటికి 24 మందే. మొదటి మేయర్‌గా జార్జ్ ఫెర్గూసన్ అనే వాస్తుశిల్పి ఏ పార్టీ టికెట్టూ లేకుండా గెలిచారు. 2016లోనూ 2021లోనూ లేబర్ పార్టీకి చెందిన మార్విన్ రీస్ గెలిచారు. పదేళ్లకు, 2022 మే 5న, అదే నగరం 56,113 ఓట్లతో మేయర్ వద్దంది. ఉండాలన్నవారు 38,439 మంది. 2024 మే నుంచి అక్కడ అన్ని పార్టీల కౌన్సిలర్లు ఉండే కమిటీలు పాలిస్తున్నాయి.

ఎందుకు వద్దన్నారంటే, తాము ఎన్నుకున్న డెబ్బై మంది కౌన్సిలర్లకు చేయడానికి పని లేకుండా పోయిందన్నది పెద్ద ఫిర్యాదు. క్యాబినెట్‌ను మేయరే నియమిస్తాడు. బడ్జెట్‌లో మేయర్ ప్రతిపాదనను మార్చాలంటే కౌన్సిల్‌కు మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలి. మధ్యలో మేయర్‌ను దించే దారి కౌన్సిల్‌కు లేదు. తమ వీధి సమస్య చెప్పుకోవడానికి కౌన్సిలర్ దగ్గరకు వెళితే, ఆయన తన చేతిలో ఏమీ లేదనేవాడు. దీనికి తోడు 2017లో చుట్టుపక్కల ప్రాంతమంతటికీ కలిపి ఇంకో మేయర్ వచ్చాడు. ఉత్సవాలకు అధ్యక్షత వహించే లార్డ్ మేయర్ అనే పాత గౌరవ పదవి ఎలాగూ ఉంది. ఒకే ఊళ్లో ముగ్గురు మేయర్లుంటే జనం దేనికి ఎవరిని అడగాలి?

షెఫీల్డ్ నగరంలో అలాంటి మేయర్ లేడు, కౌన్సిలర్లు ఎన్నుకున్న నాయకుడే ఉండేవాడు. అయినా అక్కడ ప్రజలే సంతకాలు సేకరించి 2021 మేలో ఓటింగ్ జరిపించుకుని 89,670 ఓట్లతో కమిటీ పద్ధతిని తెచ్చుకున్నారు. వ్యతిరేకంగా పడినవి 48,727. వేలాది వీధి చెట్లను కౌన్సిల్ నరికించిన వివాదంలో, నిర్ణయాలన్నీ కొద్దిమంది తలుపులు మూసుకుని చేస్తున్నారన్న కోపం ఆ ఓటులో ఉంది. అదే ఏడాది అక్టోబరులో లండన్‌లోని క్రోయ్‌డన్ ఇందుకు పూర్తిగా ఎదురు దారి పట్టింది. 2020లో ఆ కౌన్సిల్ ఆర్థికంగా దివాలా అంచుకు చేరాక, బాధ్యుడైన మనిషి ఒకరు కావాలని అక్కడి జనం పెద్ద మెజారిటీతో మేయర్ పద్ధతిని ఎంచుకున్నారు. రోగం వేరు కాబట్టి మందు వేరయింది. షెఫీల్డ్‌లో వినేవాడు లేడని కోపం వచ్చింది, క్రోయ్‌డన్‌లో జవాబు చెప్పేవాడు లేడని కోపం వచ్చింది.

మీ అబ్బాయి కుటుంబం చూసిన మార్పు నుంచి నేను తీసుకున్నది ఏమిటంటే, ఆ పద్ధతి మంచిదా ఈ పద్ధతి మంచిదా అన్నది ఊరిని బట్టి మారవచ్చు గానీ, నిర్ణయం ఊరిదే కావాలి. తెచ్చుకున్నది బ్రిస్టల్ ప్రజలే, పదేళ్లు వాడి చూసి తీసేసుకున్నదీ వాళ్లే. ఒకసారి ప్రజల ఓటుతో మార్చుకున్న పద్ధతిపై పదేళ్ల దాకా మళ్లీ ఓటింగ్ జరపకూడదన్న నియమం కూడా అక్కడ ఉంది. అయినా ఆ దేశాన్ని ఆదర్శంగా చూపడానికి నాకు కొంత సంకోచం ఉంది. 2025 జూలైలో బ్రిటన్ ప్రభుత్వం ప్రవేశపెట్టిన బిల్లులో కౌన్సిళ్లలో కమిటీ పద్ధతికి స్వస్తి చెప్పాలన్న ప్రతిపాదన ఉంది. పైనుంచి నిర్ణయించాలన్న ఆశ అక్కడి ప్రభుత్వానికీ ఉంటుంది.

ప్రశ్న: ప్రత్యక్ష ఎన్నికయితే డబ్బున్నవాడే గెలుస్తాడు కదా? సామాన్యుడికి, మహిళకు, పార్టీ లేనివాడికి అవకాశం ఉంటుందా?
— గృహిణి, నిజామాబాద్

జవాబు: నగరమంతా తిరిగి ప్రచారం చేయడానికి ఖర్చవుతుంది, ఆ మాట నిజం. కానీ క్యాంపులకు అయ్యే ఖర్చు ఎవరూ చూపించే లెక్కల్లో ఉండదు కాబట్టి అది తక్కువని అనుకోకూడదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు అధ్యక్ష పదవుల్లో ఉన్న రిజర్వేషన్ రెండు పద్ధతుల్లోనూ ఒకేలా వర్తిస్తుంది. ఇంకా చెప్పాలంటే, సొంత పేరు మీద ఊరంతా ఓట్లడిగి గెలిచిన మహిళను పక్కకు నెట్టి ఆమె భర్త కుర్చీలో కూర్చోవడం కొంచెం కష్టమవుతుందని నేను అనుకుంటున్నాను. పార్టీ లేనివారి విషయానికి వస్తే, ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్ అనే పట్టణంలో స్థానిక ఫుట్‌బాల్ జట్టుకు మస్కట్‌గా కోతి వేషం వేసి ప్రేక్షకులను అలరించిన స్టువర్ట్ డ్రమండ్, బడి పిల్లలకు ఉచితంగా అరటిపండ్లు ఇస్తానని చెప్పి 2002లో మేయర్‌గా గెలిచాడు. అందరూ నవ్వుకున్నారు. ఆ పట్టణం మాత్రం అతణ్ణి 2005లోనూ 2009లోనూ మళ్లీ ఎన్నుకుంది. సీల్డ్ కవర్‌లో అలాంటివాడి పేరు ఎన్నటికీ రాదు.

ప్రశ్న: హైదరాబాద్‌లో మేయర్‌ను మేమే ఎన్నుకుంటే మా కాలనీలో రోడ్లు బాగుపడతాయా, వానొస్తే నీళ్లు నిలవకుండా ఉంటాయా? సూటిగా చెప్పండి.
— ప్రైవేటు ఉద్యోగి, ఉప్పల్

జవాబు: సూటిగా చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను: ఎన్నిక పద్ధతి ఒక్కటే మారితే బాగుపడవు.

2020 డిసెంబరులో మీరు 150 డివిజన్లలో ఓట్లు వేశారు. టీఆర్‌ఎస్ 56, బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2 గెలిచాయి. ఎవరికీ మెజారిటీ రాలేదు. రెండు నెలల తరవాత, 2021 ఫిబ్రవరి 11న, గద్వాల విజయలక్ష్మి మేయరయ్యారు. అంతకుముందు 2009లో కాంగ్రెస్, మజ్లిస్ పదవీకాలాన్ని పంచుకోవడంతో బండ కార్తీకరెడ్డి తరవాత 2012లో మాజిద్ హుస్సేన్ వచ్చారు. ఓటు వేసేటప్పుడు వీరిలో ఎవరు మేయరవుతారో ఓటరుకు తెలియదు. ప్రత్యక్ష ఎన్నిక ఆ లోటును తీరుస్తుంది. కానీ గెలిచి వచ్చిన మేయర్ చేతిలో ఏముంటుంది? మన నగరపాలక సంస్థల చట్టానికి మూలం 1888 నాటి బొంబాయి మున్సిపల్ చట్టంలో ఉంది. కార్యనిర్వాహక అధికారాన్ని ఎన్నికైన వాళ్లకు కాకుండా ప్రభుత్వం నియమించే కమిషనర్‌కు అప్పగించాలన్నది వలస పాలకుల ఆలోచన. 1955 నాటి మన చట్టం కూడా అదే దారిలో నడిచింది. ఇప్పటికీ ఉద్యోగుల మీద, పనుల మీద, రోజువారీ పాలన మీద అధికారం కమిషనర్‌దే. మేయర్ స్టాండింగ్ కమిటీకి అధ్యక్షత వహిస్తారు, కౌన్సిల్ సమావేశం నడుపుతారు. ఇక నగరంలో మంచినీళ్లు, మురుగు కాలువల బాధ్యత 1989లో ఏర్పడిన జలమండలిది, శివార్ల ప్రణాళిక 2008 నుంచి హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ)ది, చెరువుల ఆక్రమణల తొలగింపు 2024లో వచ్చిన హైడ్రాది. మేయర్ వీటిలో దేనినీ ఆదేశించే స్థితిలో లేరు.

నగరమంతా ఓటు వేసి గెలిపించిన మనిషికి అధికారం ఇవ్వకపోతే జనం ఆశ ఎక్కువవుతుంది, నిరాశ ఇంకా ఎక్కువవుతుంది. వీరప్ప మొయిలీ అధ్యక్షతన పనిచేసిన రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2007లో స్థానిక పాలనపై ఇచ్చిన నివేదికలో మేయర్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకోవాలని, కార్యనిర్వాహక అధికారం కూడా ఆయనకే ఉండాలని రెండూ కలిపి చెప్పింది. మన ప్రభుత్వాలు ఆ రెంటిలో ఏ ఒక్కటీ పట్టించుకోలేదు. కోల్‌కతా మాత్రం ఇంకో దారి చూపింది. అక్కడ మేయర్‌ను కౌన్సిలర్లే ఎన్నుకుంటారు గానీ, 1980 చట్టం ప్రకారం మేయర్, ఆయన ఎంచుకున్న సభ్యులు కలిసి మంత్రివర్గంలా శాఖలు చూస్తారు, కమిషనర్ వాళ్ల కింద పనిచేస్తారు. మీ కాలనీ రోడ్డు సంగతే ముఖ్యమైతే, ఎవరు ఎన్నుకుంటారన్నదానికంటే కమిషనర్ ఎవరికి జవాబుదారీ అన్నది ముందు అడగండి. నేనయితే రెండూ అడుగుతాను.

ప్రశ్న: ప్రజలు నేరుగా ఎన్నుకున్న మేయర్ అవినీతిపరుడైతే ఐదేళ్లు భరించాల్సిందేనా? కౌన్సిలర్లు దించగలిగితే మళ్లీ క్యాంపులే కదా? మీరు చెబుతున్న పద్ధతిలో దీనికి దారేది?
— న్యాయవాది, కర్నూలు

జవాబు: ఈ ముడి విప్పడానికి మధ్యప్రదేశ్ చట్టంలో ఒక దారి ఉంది. అక్కడ నేరుగా ఎన్నికైన అధ్యక్షుణ్ణి కౌన్సిలర్లు తమంత తాముగా దించలేరు. వాళ్లలో నాలుగింట మూడు వంతుల మంది ప్రతిపాదిస్తే, విషయం తిరిగి ప్రజల ముందుకు వెళుతుంది. బ్యాలెట్ మీద అభ్యర్థుల పేర్లు ఉండవు. ఒక బొమ్మలో ఖాళీ కుర్చీ, ఇంకో బొమ్మలో మనిషి కూర్చున్న కుర్చీ ఉంటాయి. పదవిలో ఉన్నవాడు దిగిపోవాలనుకునేవారు ఖాళీ కుర్చీకి, ఉండాలనుకునేవారు నిండు కుర్చీకి ఓటు వేస్తారు. చదువు రాని ఓటరుకు కూడా ఇంతకంటే తేలికగా అర్థమయ్యే ప్రశ్న ఉండదు. ఇక్కడ కౌన్సిలర్లకు ప్రశ్న లేవనెత్తే హక్కు ఉంటుంది, తీర్పు మాత్రం ఊరిదే అవుతుంది. కౌన్సిలర్లను రిసార్టులో దాచినా తుది ఫలితాన్ని కొనలేరు కాబట్టి క్యాంపులకు అయ్యే ఖర్చుకు అర్థం ఉండదు.

అయితే ఆ రాష్ట్రమే మనకు ఒక హెచ్చరిక కూడా. అక్కడి ప్రభుత్వం 2019లో ప్రత్యక్ష ఎన్నికను తీసేసింది. 2022లో వచ్చిన ఎన్నికల నాటికి ఇంకో ప్రభుత్వం మేయర్లకు తిరిగి తెచ్చి, చిన్న పట్టణాల అధ్యక్షులను మాత్రం కౌన్సిలర్లకే వదిలేసింది. తమిళనాడు చరిత్ర ఇంకా విచారకరం. అక్కడ 1996లో ప్రజలే మేయర్‌ను ఎన్నుకున్నారు, 2006లో కౌన్సిలర్లు, 2011లో మళ్లీ ప్రజలు. 2016లో పరోక్షమని చట్టం మార్చారు, 2018లో ప్రత్యక్షమని తిరిగి మార్చారు, 2019 నవంబరులో ఆర్డినెన్సుతో మళ్లీ పరోక్షమన్నారు. ఈ మార్పులు జరుగుతున్న 2016 నుంచి 2022 వరకు ఆ రాష్ట్ర పట్టణాల్లో ఎన్నికైన కౌన్సిలే లేదు, అధికారులే పాలించారు. ఏ పద్ధతిలో తమ పార్టీకి ఎక్కువ కుర్చీలు వస్తాయో లెక్కవేసుకుని ఎన్నికల ముందు నియమాలు మార్చడానికి చట్టసభకు అధికారం ఉన్నంతకాలం, ఇవాళ మనం అడిగి తెచ్చుకున్న రెండో ఓటు రేపు ఇంకొకరు తీసేయగలరు.

అందువల్ల చట్ట సవరణ కోసం మీరు గానీ, మీ బార్ అసోసియేషన్ గానీ ప్రభుత్వానికి వినతిపత్రం ఇచ్చేటట్టయితే, నా సూచనగా ఈ మూడు వాక్యాలు అందులో చేర్చండి. అధ్యక్షుడిని ఎన్నుకునే పద్ధతిలో చేసిన ఏ మార్పయినా ఆ తరవాత వచ్చే ఎన్నికకు కాకుండా దాని మరుసటి ఎన్నికకు మాత్రమే వర్తించాలి. ఎంపీలకు, ఎమ్మెల్యేలకు, ఎమ్మెల్సీలకు పురపాలక సమావేశాల్లో మాట్లాడే హక్కు ఉండవచ్చు గానీ, అధ్యక్షుడి ఎన్నికలోనూ అవిశ్వాసంలోనూ ఓటు ఉండకూడదు. ప్రజలు నేరుగా ఎన్నుకున్న అధ్యక్షుణ్ణి దించే తీర్మానం కౌన్సిల్‌లో నెగ్గితే, నిర్ణీత గడువులోగా ఖాళీ కుర్చీ ఓటు జరపాలి. ముసాయిదా తయారయ్యాక మాకు పంపితే ఈ శీర్షికలో పూర్తిపాఠం ప్రచురిస్తాం.